వారముల పండుగ: లేవీయకాండంలో ఒక కోడె, సంఖ్యాకాండంలో రెండు కోడెలు. ఏది లెక్క?

బాపట్ల_పాఠకుడు
ఇశ్రాయేలీయుల పండుగ బలులకి పట్టిక వేస్తున్నాను. ఏ పండక్కి ఎన్ని కోడెలు, ఎన్ని పొట్టేళ్లు, ఎన్ని గొర్రెపిల్లలు, ఎంత పిండి అని. పస్కా, శృంగధ్వని, పర్ణశాలలు కుదిరాయి. వారముల పండుగ (గోధుమ కోత పండుగ) దగ్గర బండి ఆగిపోయింది. లేవీ 23:18లో ఏడు గొర్రెపిల్లలు, ఒక కోడె, రెండు పొట్టేళ్లు. సంఖ్యా 28:27లో ఏడు గొర్రెపిల్లలు, రెండు కోడెలు, ఒక పొట్టేలు. పండుగ ఒకటే, రోజూ ఒకటే. ఎత్తిరాసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయా? పట్టికలో ఏది వేయాలి?

ఇంకో సందేహం. పానార్పణం (బలితోపాటు పోసే ద్రాక్షారసం) దగ్గర పడిన్నర, పడి, ముప్పావు అని ఉంది. ముప్పావు అంటే దేంట్లో ముప్పావు?

ఎండుద్రాక్ష
రెండూ వేయండి. ఒకే జాబితాకి రెండు ప్రతులనుకుంటే చిక్కు తెగదు. అవి రెండు వేర్వేరు అర్పణలు.

మైలవరం_మనిషి
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? గొర్రెపిల్లలు రెండుచోట్లా ఏడే. పాపపరిహారానికి మేక రెండుచోట్లా ఒకటే. తేడా వచ్చింది కోడె, పొట్టేలు అంకెల దగ్గరే, అదీ అద్దంలో చూసినట్టు తిరగబడి. పొరపాటని అనుమానం రావడం సహజం.

లేవీ_గుమ్మం
పొరపాటు కాదనడానికి వాక్యాల్లోనే ఆధారం ఉంది. మొదటి పదాలు చూడండి.

సంఖ్యా 28, 29 అధ్యాయాలది మొదటినుంచీ ఒకటే పద్ధతి. ముందు రోజువారీ దహనబలి (మొత్తం కాల్చేసే బలి): పొద్దున ఒక పిల్ల, సాయంత్రం ఒక పిల్ల. దానిమీద విశ్రాంతిదినానికి ఇంకో రెండు పిల్లలు. దానిమీద అమావాస్యకి రెండు కోడెలు, ఒక పొట్టేలు, ఏడు పిల్లలు, పాపపరిహారానికి ఒక మేక. పులియని రొట్టెల పండుగ ఏడు రోజులూ రోజుకి అదే లెక్క. వారముల పండక్కీ అదే లెక్క. ఇది ఆ రోజుకి చెందిన అదనపు బలి, హీబ్రూలో 'ముసాఫ్' అంటారు. పండుగ పేరు మారినా గంప మారలేదు.

లేవీ 23:18 'ఆ రొట్టెలతో' అని మొదలవుతుంది. కొత్త గోధుమలతో కాల్చిన రెండు రొట్టెల వెంట వచ్చే బలి అది. రోజుకి కాదు, రొట్టెలకి చెందింది. కాబట్టి ఆ రోజు మొత్తం: దహనబలికి కోడెలు మూడు, పొట్టేళ్లు మూడు, పిల్లలు పద్నాలుగు. మేకలు రెండు. లేవీ 23:19లో సమాధానబలికి (కొవ్వు కాల్చి మాంసం తినే బలి) ఇంకో రెండు పిల్లలున్నాయి, వాటిని మర్చిపోకండి. నిత్య దహనబలి పిల్లలు రెండు ఎలాగూ ఉంటాయి.

మైలవరం_మనిషి
'రొట్టెలతో' అన్న మాటకి అంత బరువు ఉందా అన్నదే ప్రశ్న. లేవీ 23లో మిగతా పండుగలకి 'హోమము చేయవలెను' అని ఊరుకుని, అంకెలు చెప్పకుండా వదిలేశారు. ఈ ఒక్క పండక్కే ఇంత జాబితా ఎందుకు? సంఖ్యాకాండం జాబితా చూసి తర్వాత ఎవరో ఇక్కడ చేర్చారని చాలామంది పరిశోధకులు అంటారు. చేర్చేటప్పుడు అంకెలు తిరగబడి ఉండొచ్చు కదా.

లేవీ_గుమ్మం
పాఠం ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న. ఆలయంలో దాన్ని ఎలా చదివి ఎలా అర్పించారన్నది ఇంకో ప్రశ్న. మొదటిదాంట్లో మీ వాదన నిలబడొచ్చు. పట్టికకి కావలసింది రెండోది.

హీబ్రూ_పలక
ఆ రెండోదానికి మిష్నాలోనే (పాత రబ్బీల, అంటే యూదు ధర్మపండితుల, తీర్పుల సంకలనం) జవాబుంది, అందులోని మెనాహోత్ భాగం 4వ అధ్యాయంలో. అక్కడి తగువు చాలా ఆచరణాత్మకమైంది: ఒకటి దొరక్కపోతే ఇంకొకటి ఆగిపోవాలా? కోడె, పొట్టేళ్లు, ఏడు పిల్లలు లేకపోయినా రొట్టెలు చెల్లుతాయి, రొట్టెలు లేకపోయినా అవి చెల్లుతాయి. ఇందులో గొడవ లేదు. గొడవంతా రొట్టెలకీ సమాధానబలి పిల్లలు రెండింటికీ మధ్య. రొట్టెలు లేకపోతే పిల్లలు చెల్లవు, పిల్లలు లేకపోయినా రొట్టెలు చెల్లుతాయి అంటాడు రబ్బీ అకీవా. బెన్ నన్నాస్ సరిగ్గా తిరగేసి చెప్తాడు. అరణ్యంలో 40 ఏళ్లు రొట్టెలు లేకుండానే పిల్లల్ని అర్పించారు కదా అని ఆయన వాదన.

ఇక్కడ రబ్బీ షిమోన్ చెప్పిన మాట ఈ చర్చకి నేరుగా తగులుతుంది. తీర్పు బెన్ నన్నాస్‌దే, కారణం మాత్రం అది కాదంటాడు. సంఖ్యాకాండంలో చెప్పినవన్నీ అరణ్యంలో అర్పించారు, లేవీయకాండంలో చెప్పినవి అరణ్యంలో అర్పించలేదు, దేశంలోకి వచ్చాక ఇవీ అవీ రెండూ అర్పించారు. అంటే రెండు జాబితాలు రెండు వేర్వేరు బలులన్నది వాళ్లకి ఎప్పుడో తేలిపోయిన విషయం.

ఎండుద్రాక్ష
అందులో పంటల తర్కం కూడా ఉంది. అరణ్యంలో పొలం లేదు, కొత్త గోధుమ లేదు. గోధుమ లేకపోతే రొట్టె లేదు, రొట్టె లేకపోతే దాని వెంట వచ్చే కోడె లేదు.

రాగిచెంబు
ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా కూడికే చేశాడు. పురాతన చరిత్ర 3వ సంపుటంలో ఈ పండక్కి దహనబలిగా మూడు కోడెలు, పద్నాలుగు పిల్లలు, పాపాలకి రెండు మేకలు అంటాడు. పొట్టేళ్లు మాత్రం రెండే చెప్తాడు, కూడితే మూడు రావాలి. ఆ ఒక్కటి పక్కనపెడితే లేవీ_గుమ్మం గారి లెక్కే.

బాపట్ల_పాఠకుడు
ఒప్పుకున్నాను, కూడి వేస్తాను. ముప్పావు సంగతి?

తూము_కుంచం
అది మన అనువాదకులు చేసిన చక్కటి పని. హీబ్రూలో కొలత పేరు 'హీన్'. కోడెకి అర హీన్, పొట్టేలుకి మూడోవంతు, గొర్రెపిల్లకి పావు. తెలుగులో ఆ హీన్‌ని మూడు పడులుగా తీసుకున్నారు. అందుకే సగం పడిన్నర అయింది, మూడోవంతు పడి అయింది, పావు ముప్పావు అయింది. ముప్పావు అంటే ముప్పావు పడి. భిన్నాలన్నీ శుభ్రంగా తెగాయి.

పిండికి కొలత 'ఏఫా', తెలుగులో తూము. గొర్రెపిల్లకి తూములో పదోవంతు, పొట్టేలుకి రెండు పదోవంతులు, కోడెకి మూడు. ఒక జాగ్రత్త: మన తూము అంటే నాలుగు కుంచాలు, పుట్టికి ఇరవై తూములు, కుంచం కొలత ఊరూరికీ మారేది. ఆ తూముతో ఏఫాని కొలవకండి. ఏఫా సుమారు 22 లీటర్లు. హీన్ అందులో ఆరోవంతు, అంటే 3.6 లీటర్ల పైచిలుకు. పడి అంటే ఇక్కడ లీటరూ కాలు దగ్గర వేసుకోవచ్చు.

మైలవరం_మనిషి
పడి పడి లెక్క వేస్తే పర్ణశాలల పండక్కి ఎంత ద్రాక్షారసం అవుతుందో ఎవరైనా తీశారా?

తూము_కుంచం
తీద్దాం. మొదటి రోజు 13 కోడెలు, 2 పొట్టేళ్లు, 14 పిల్లలు.
పిండి: 39 + 4 + 14 = 57 పదోవంతులు. అంటే 5.7 ఏఫా, 125 లీటర్ల కొలత.
ద్రాక్షారసం: పంతొమ్మిదిన్నర + 2 + పదిన్నర = 32 పడులు. నూనె కూడా అంతే, ఎందుకంటే ప్రతి పశువుకీ నూనె, ద్రాక్షారసం సమానం.
కోడెలు రోజుకొకటి తగ్గుతూ ఏడో రోజుకి 7 అవుతాయి. ఏడు రోజులకి 70 కోడెలు, 14 పొట్టేళ్లు, 98 పిల్లలు. పిండి 336 పదోవంతులు, సుమారు 740 లీటర్లు. ద్రాక్షారసం 192న్నర పడులు, 235 లీటర్ల దాకా. ఇది రోజువారీ రెండు పిల్లలకి అయ్యేది కలపకుండా. ఎనిమిదో రోజు మళ్లీ ఒక కోడె, ఒక పొట్టేలు, ఏడు పిల్లలకి దిగిపోతుంది.

హీబ్రూ_పలక
నూనె విషయంలో ఒక మెలిక ఉంది, పిండి కలిపేవాళ్లకే తెలిసేది. హీన్‌కి 12 'లోగ్'లు. కోడెకి మూడు పదోవంతుల పిండికి 6 లోగ్‌ల నూనె. పొట్టేలుకి రెండు పదోవంతులకి 4 లోగ్‌లు. రెండింట్లోనూ పదోవంతుకి 2 లోగ్‌లు పడుతుంది. గొర్రెపిల్లకో? ఒక పదోవంతుకి 3 లోగ్‌లు. పశువు చిన్నదే, ముద్ద మాత్రం జారుగా ఉంటుంది.

అందుకే మిష్నాలో నియమం పెట్టారు: కోడెల పిండినీ పొట్టేళ్ల పిండినీ కలపొచ్చు, గొర్రెపిల్లల పిండిని వాటితో కలపకూడదు. కలిపితే ఒకటి పలచబడుతుంది, ఒకటి గట్టిపడుతుంది, ఏదీ దాని కొలత మీద ఉండదు. వేర్వేరుగా కలిపాక పొరపాటున కలిసిపోతే మాత్రం చెల్లుతుంది, కలపకముందే కలిస్తే చెల్లదు.

గోరింట_పాదు
ఈ పిండిలో యాజకులకి వాటా ఎంత? నైవేద్యం కదా.

హీబ్రూ_పలక
ఏమీ లేదు. దహనబలి వెంట వచ్చే నైవేద్యం మొత్తం బలిపీఠం మీదికే. పిడికెడు తీసి కాల్చి మిగతాది యాజకులు తినేది విడిగా తెచ్చే నైవేద్యంలో. దానికి సాంబ్రాణి ఉంటుంది, దీనికి ఉండదు. ఉప్పు రెండింటికీ తప్పదు, లేవీ 2:13.

గోరింట_పాదు
మన చెవికి నైవేద్యం అనగానే తిరిగి చేతికొచ్చే ప్రసాదం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకి అర్థం పిండి అర్పణ అని మాత్రమే. పట్టిక కింద ఒక వాక్యం రాయండి, చదివేవాళ్లు తికమకపడకుండా.

రాగిచెంబు
ఉప్పు గురించి ఒకటి. మూడుచోట్ల ఉండేది: ఉప్పు గదిలో, పీఠానికి ఎక్కే వాలు మీద, పీఠం పైన. తోళ్లకి ఉప్పు గదిలో, మాంసం ముక్కలకి వాలు మీద, పిడికెడు పిండిలాంటివాటికి పైన. వాన పడితే వాలు మీద కాలు జారకుండా కూడా ఉప్పే చల్లేవాళ్లు, విశ్రాంతిదినాన సైతం. మెట్లు లేని వాలు, చేతిలో కోడె తొడ, కింద కొవ్వు, నీళ్లు. జారితే మనిషీ పోతాడు, బలీ పోతుంది.

ఎండుద్రాక్ష
కోడె తొడ ఒక్కడు మోసేది కాదు. మిష్నా యోమా 2వ అధ్యాయంలో ఒక్క కోడెని పైకెక్కించడానికి 24 మందిని లెక్కపెట్టారు. తలకి ఒకరు, కుడి తొడకి ఇద్దరు, తోకకి ఇద్దరు, ఎడమ తొడకి ఇద్దరు, రొమ్ముకి ఒకరు, మెడకి ముగ్గురు, ముందు కాళ్లకి ఇద్దరు, రెండు పక్కలకి ఇద్దరు, పేగులకి ముగ్గురు, పిండికి ముగ్గురు, ద్రాక్షారసానికి ముగ్గురు. పొట్టేలుకి 11 మంది. పర్ణశాలల మొదటి రోజు కోడెలకే 312 మంది మోతగాళ్లన్నమాట.

బాపట్ల_పాఠకుడు
అంతమంది ఒకేసారి ఎలా పంచుకున్నారు? తోపులాట అవదా?

ఎండుద్రాక్ష
యాజకులకి 24 వరుసలు. మామూలు వారాల్లో వారానికి ఒక వరుస, పండుగల్లో అన్ని వరుసలూ వస్తాయి. మొదటి రోజు 13 కోడెలు, 2 పొట్టేళ్లు, 1 మేక కలిపి 16 వరుసలకి ఒక్కొక్కటి. మిగిలినవి 8 వరుసలు, పిల్లలు 14. ఆరు వరుసలకి రెండేసి, రెండు వరుసలకి ఒక్కోటి. రెండో రోజు కోడె ఒకటి తగ్గింది కాబట్టి మిగిలిన వరుసలు 9: ఐదింటికి రెండేసి, నాలుగింటికి ఒక్కోటి. ఇలా జరుగుతూ ఏడో రోజుకి వచ్చేసరికి 7 + 2 + 1 = 10 వరుసలు పోగా 14 వరుసలకి 14 పిల్లలు. అందరికీ సమానం. ఈరోజు కోడె వచ్చినవాళ్లకి రేపు కోడె ఇవ్వరు, తిరుగుతూ ఉంటుంది. కోడెలు ఎందుకు తగ్గుతాయన్నదానికి ఎన్నో వ్యాఖ్యానాలున్నాయి. ఈ పంపకం చూస్తే ఆ తగ్గుదల ఎంత నున్నగా ఇమిడిపోయిందో తెలుస్తుంది.

గోరింట_పాదు
పర్ణశాలల్లో నీళ్లు కూడా పోసేవాళ్లు కదా, అది పంచకాండాల్లో లేదు.

రాగిచెంబు
లేదు. మిష్నా సుక్కా 4లో ఉంది. సిలోయము కోనేటి నుంచి మూడు లోగ్‌లు పట్టే బంగారు కూజాతో తెస్తారు. పీఠం నైరుతి మూలన రెండు వెండి గిన్నెలు, అడుగున సన్నటి ముక్కుల్లాంటి రంధ్రాలు. నీళ్ల గిన్నె రంధ్రం సన్నం, ద్రాక్షారసం గిన్నెది వెడల్పు. ద్రాక్షారసం చిక్కన కాబట్టి మెల్లగా దిగుతుంది, రెండూ ఒకేసారి ఖాళీ అవ్వాలని ఆ ఏర్పాటు.

పోసేవాడికి 'చెయ్యెత్తు' అని అరిచేవాళ్లు. ఒకసారి ఒకడు గిన్నెలో పోయకుండా కాళ్ల మీద పోసుకుంటే జనం చేతుల్లో ఉన్న దబ్బపళ్లతో కొట్టారట. జోసీఫస్ దగ్గర కూడా ఈ పండుగనాడు దబ్బపళ్ల దెబ్బలున్నాయి, అక్కడ తిన్నవాడు అలెగ్జాండర్ యన్నై రాజు. రెండూ ఒకే సంఘటన అని చాలామంది అనుకుంటారు, మిష్నాలో మాత్రం పేరు లేదు.

మైలవరం_మనిషి
మళ్లీ రెండు రొట్టెలకి వద్దాం. అవి పులిసినవి. లేవీ 2:11 పులిసింది ఏదీ పీఠం మీద కాల్చకూడదంటుంది. మరి ఏం చేశారు?

లేవీ_గుమ్మం
పీఠం ఎక్కించలేదు. లేవీ 2:12లోనే మినహాయింపు ఉంది: ప్రథమఫలంగా తేవచ్చు, పీఠం మీద పెట్టకూడదు. ఒక రొట్టె ప్రధాన యాజకుడికి, రెండోది మిగతా యాజకులందరికీ.

తయారీ చూస్తే ఈ పండుగ బరువంతా ఎక్కడుందో తెలుస్తుంది. మూడు 'సెయా'ల కొత్త గోధుమలు, అంటే ఒక ఏఫా నిండుగా. దంచి, విసిరి, పన్నెండు జల్లెళ్లలో పట్టిస్తే రెండు పదోవంతుల మెత్తటి పిండి తీస్తారు. ఏఫాకి దక్కింది ఐదోవంతు. ఒక్కో పదోవంతుకి ఒక్కో రొట్టె. రెండింటినీ విడివిడిగా పిసికి విడివిడిగా కాలుస్తారు. పొడవు ఏడు బెత్తలు, వెడల్పు నాలుగు, మూలల్లో నాలుగు వేళ్ల ఎత్తున కొమ్ములు.

తర్వాత ఊపడం. రెండు పిల్లల పక్కన రెండు రొట్టెలు పెట్టి, యాజకుడు రెండు చేతులూ కింద పెట్టి ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ ఆడిస్తాడు. పిల్లలు బతికుండగానే.

గోరింట_పాదు
పస్కా తర్వాత అర్పించే తొలికోత పన కూడా ఇలాంటిదే కదా? దానికీ అన్ని జల్లెళ్లా?

లేవీ_గుమ్మం
దానికి పదమూడు. అది యవలు, ఊక ఎక్కువ. మూడు సెయాల యవలకి మిగిలేది ఒక్క పదోవంతే. దానికి పిడికెడు తీస్తారు, నూనె, సాంబ్రాణి ఉంటాయి. యవలతో మొదలై యాభయ్యో రోజుకి గోధుమ రొట్టె. మధ్యలో ఉన్నది కోత కాలం.

బాపట్ల_పాఠకుడు
పస్కా గడి నింపాననుకున్నాను, అక్కడా ఒక చిక్కు కనిపించింది. నిర్గమ 12:9 నీళ్లలో ఉడకబెట్టొద్దు, నిప్పుమీద కాల్చమంటుంది. ద్వితీ 16:7లో హీబ్రూ క్రియ 'బాషల్', అంటే ఉడికించడం అని ఎక్కడో చదివాను. పైగా ద్వితీ 16:2లో గొర్రెలే కాదు, పశువులు కూడా ఉన్నాయి.

హీబ్రూ_పలక
బాషల్ అంటే వండడం. మామూలుగా నీళ్లలో వండడానికే వాడతారు కాబట్టి ఉడికించడమనే అర్థం బలంగా ఉంది. నిర్గమ 12:9లో 'నీళ్లలో' అని ప్రత్యేకంగా చేర్చాల్సొచ్చింది చూడండి, అంటే ఆ క్రియ ఒక్కటే సరిపోలేదు. 2 దినవృత్తాంతములు 35:13 ఈ ముడి విప్పింది: పస్కాని నిప్పుమీద, మిగతా ప్రతిష్ఠితాలని కుండల్లో, పెనాల్లో. యోషీయా రాజు చేసిన పస్కాకి మందలోంచి గొర్రెలు, మేకలు 30,000, కోడెలు 3,000 అని అదే అధ్యాయంలో ఉంది. కోడెలు పస్కా కాదు, పండుగ సమాధానబలి. అవి కుండలోకి. పస్కా ఎప్పుడూ ఏడాది మగ గొర్రె లేక మేక.

మైలవరం_మనిషి
దినవృత్తాంతాల రచయిత రెండు నియమాల్నీ కలిపి కుట్టాడు. 'నిప్పులో బాషల్ చేశారు' అని రాశాడు, రెండు వాక్యాల మాటలూ ఒకేచోట. ముడి ఉందని ఆయనకీ తెలుసన్నమాట.

హీబ్రూ_పలక
అందులో మీతో ఏకీభవిస్తాను.

ఎండుద్రాక్ష
పస్కా వధ క్రమం పట్టిక పక్కన రాస్తే బాగుంటుంది, మిష్నా పెసాహిం 5నుంచి. మామూలు రోజు సాయంత్రపు పిల్లని ఎనిమిదిన్నర గంటకి వధిస్తారు (సూర్యోదయం నుంచి లెక్క). పస్కా ముందురోజు ఒక గంట ముందుకి జరిపి ఏడున్నరకి. అది శుక్రవారమైతే ఆరున్నరకే, విశ్రాంతిదినం మొదలయ్యేలోపు కాల్చడం అయిపోవాలి కదా.

జనం మూడు గుంపులు. మొదటి గుంపు ఆవరణ నిండాక తలుపులు మూస్తారు. యాజకులు వరుసలు కట్టి నిలబడతారు, ఒక వరుసంతా వెండి గిన్నెలు, ఒక వరుసంతా బంగారు గిన్నెలు, కలవకూడదు. ఆ గిన్నెలకి అడుగు బల్లపరుపుగా ఉండదు. కింద పెట్టడానికి వీలు లేకుండా అలా చేశారు, పెడితే రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టిన రక్తం చల్లడానికి పనికిరాదు, ఆ పస్కా చెడినట్టే. చేతి నుంచి చేతికి నిండు గిన్నె అటు, ఖాళీ గిన్నె ఇటు. పీఠం దగ్గరున్నవాడు ఒక్క చల్లు అడుగుభాగం మీద.

అంత హడావిడిలో ఎవరిదో గిన్నె ఒలికిపోయి ఉంటుందని, నేలమీద కలిసిన రక్తాన్ని ఒక గిన్నె నింపి చల్లేవాళ్లని రబ్బీ యెహూదా అంటాడు. మిగతా పండితులు ఒప్పుకోలేదు.

రాగిచెంబు
తోలు వలవడానికి గోడలకీ స్తంభాలకీ ఇనుప కొక్కేలు. చోటు దొరకనివాళ్లకి నున్నటి సన్నకర్రలుండేవి. ఒక కొన తన భుజం మీద, ఇంకో కొన ఎదుటివాడి భుజం మీద పెట్టుకుని దానికి వేలాడదీసి వలిచేవాళ్లు.

కాల్చేది దానిమ్మ కర్రకి గుచ్చి, నోటి దగ్గర్నుంచి వెనక దాకా. ఇనుప చువ్వ పనికిరాదు: ఇనుము వేడెక్కి లోపల్నుంచి తనే వండుతుంది, అప్పుడది నిప్పుమీద కాల్చింది కాదు. మాంసం మట్టిపొయ్యి గోడకి తగిలితే తగిలినంత మేర చెక్కేయాలి. రసం పొయ్యి మట్టి మీద పడి తిరిగి మాంసం మీదికి చిందితే ఆ చోటు తీసేయాలి. ఎముక విరచకూడదు. మిగిలింది ఆ నెల 16న కాలుస్తారు, 15 పండుగ కాబట్టి. 16 విశ్రాంతిదినమైతే 17న.

గెరిజీము కొండమీద సమరయులు ఇప్పటికీ పస్కా వధిస్తారు. నేలలో తవ్విన గుంటపొయ్యి, కర్రలకి గుచ్చిన గొర్రెలు, పైన కొమ్మలూ మట్టీ కప్పి గాలి పోకుండా మూసేస్తారు. కర్రకి గుచ్చి కాల్చే పద్ధతి కళ్లకి కట్టాలంటే అదే దారి.

గోరింట_పాదు
లేవీ 3:9లో గొర్రె సమాధానబలికి 'క్రొవ్విన తోక అంతయు' అంటుంది. నెల్లూరు గొర్రె తోక వేలెడు కూడా ఉండదు. అందులో కొవ్వేం ఉంటుంది?

లేవీ_గుమ్మం
ఆ ప్రాంతపు గొర్రె జాతి వేరు. ఆవాసి జాతి గొర్రె తోక వెడల్పుగా, కిలోల బరువున కొవ్వుతో వేలాడుతుంది. ఎడారి మేతకి ఒంటెకి మూపురం ఎలాగో దానికి తోక అలాగ. అందుకే గొర్రెకి తోక చెప్పి, మేకకి చెప్పలేదు, లేవీ 3:12 నుంచి చూడండి. కోడెకీ లేదు. వాటికి పేగుల మీది కొవ్వు, రెండు మూత్రగ్రంథులు, కాలేజం మీది వప. గొర్రెకి ఇవన్నీ, వెన్నెముక దగ్గరికి కోసిన తోక కూడా.

సమాధానబలిలో బోర, కుడి జబ్బ యాజకుడికి. మిగతాదంతా తెచ్చినవాడి ఇంటిదే, రెండు పగళ్లు, మధ్య రాత్రి లోపల తినాలి. పండక్కి వచ్చిన కుటుంబం తినేది ఇదే. సంఖ్యాకాండం జాబితాలో జనం నోటికి ఒక్క ముక్క రాదు, దహనబలి మొత్తం మంటకే, తోలు యాజకుడికి. అందుకే ఒక్క సంఖ్యా 28-29 చూసి పండుగ ఇదే అనుకోవద్దు.

రాగిచెంబు
యెరూషలేము బయట కూడా ఈ కొలతల జాడలున్నాయి. యూదా దక్షిణాన తేల్ అరాద్ కోటలో చెక్కని రాళ్ల బలిపీఠం దొరికింది. ఎల్యాషీబు అనే అధికారికి పంపిన పెంకు చీటీల్లో ద్రాక్షారసం, పిండి, నూనె లెక్కలున్నాయి. అవి సైనికుల రేషన్, బలులు కావు, కానీ 'బత్' అనే ద్రవాల కొలత వాడుకలో ఎలా ఉందో తెలుస్తుంది.

ఐగుప్తులో ఎలిఫంటైన్ దీవిలో ఉన్న యూదులది ఇంకా పదునైన సంగతి. వాళ్ల గుడిని క్రీ.పూ. 410లో కూల్చేశారు. తిరిగి కట్టుకోనివ్వమని 407లో అర్జీ పెట్టుకున్నారు. వచ్చిన జవాబులో నైవేద్యం, ధూపం అర్పించమని ఉంది. దహనబలి మాట లేదు.

బాపట్ల_పాఠకుడు
అందరి మాటా కలిపి వారముల పండుగ గడి ఇలా వేశాను. చూడండి.
కోడెలు 3: పిండి 9 పదోవంతులు, ద్రాక్షారసం నాలుగున్నర పడులు.
పొట్టేళ్లు 3: పిండి 6, ద్రాక్షారసం 3 పడులు.
పిల్లలు 14, నిత్య దహనబలివి 2, మేకలు 2, కలిపి 18: పిండి 18, ద్రాక్షారసం పదమూడున్నర పడులు.
మొత్తం పిండి 33 పదోవంతులు. ద్రాక్షారసం 21 పడులు, సరిగ్గా ఏడు హీన్‌లు.

హీబ్రూ_పలక
మొత్తం సరిగ్గా వచ్చింది, దారి తప్పింది. పాపపరిహారార్థ మేకలకి పిండీ లేదు, ద్రాక్షారసమూ లేదు. మెనాహోత్ 9:6: తొలిచూలు, దశమభాగం, పస్కా, పాపపరిహారం, అపరాధపరిహారం, వీటికి పానార్పణం ఉండదు. కుష్ఠరోగి తెచ్చేవి ఒక్కటే మినహాయింపు. మేకలు రెండూ తీసేయండి.

తూము_కుంచం
తీసేసి, సమాధానబలి పిల్లలు రెండు వేయండి. లేవీ_గుమ్మం గారు మొదట్లోనే మర్చిపోకండన్నది వాటినే. వాటికి పిల్లకి పదోవంతు, ముప్పావు మామూలే. రెండు పోయి రెండు వచ్చాయి, అందుకే మొత్తం కదల్లేదు.

బాపట్ల_పాఠకుడు
మార్చాను. మేకల గడిలో గీత పెట్టాను. రెండు రొట్టెల పిండి రెండు పదోవంతులు 33లో కలపలేదు, విడిగా వేశాను.

లేవీ_గుమ్మం
విడిగానే ఉండాలి. అది పీఠం ఎక్కేది కాదు. పస్కా గడిలో కూడా ఒకసారి చూడండి, ఇంటింటి పస్కా పిల్లకి ముప్పావు వేసి ఉంటే కొట్టేయండి.

బాపట్ల_పాఠకుడు
వేసి ఉంది. కొట్టేశాను.